మాధవాయపాలెం గుడ్డ, మా బావ రొయ్య

2025 ఆగస్టు ఆఖరి వారంలో ఒకరోజు ఇంకా తెల్లవారకుండానే మా బావ ఫోన్ చేశాడు. రొయ్యల చెరువులున్న ఊళ్ళలో ఆ వేళప్పుడు ఫోన్ మోగిందంటే గుండె గుభేలుమంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకోలేదేమో, ఆక్సిజన్ చాలక రొయ్య పైకి తేలిందేమో అనుకుంటాం. ఆరోజు ఆ రెండూ కాదు.

"బావా, రాత్రి ఒప్పుకున్న రేటు ఇప్పుడు లేదంటున్నాడు ఏజెంటు. అమెరికా వోడు పన్ను యాభైకి తీసుకెళ్ళాడంట. ఐసు లారీ వచ్చేసింది, వలలు దించేశాను. ఏం చెయ్యమంటావ్?"

ఏం చెయ్యమంటాను? బండి తీసుకుని కాళ్ళ అనే ఊరి దగ్గర వాడు లీజుకి తీసుకున్న నాలుగెకరాల చెరువు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే గట్టు మీద కౌంట్ చూస్తున్నారు. ఇది ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతాను. వలలోంచి బుట్టతో రొయ్యలు తీసి, నీరు కారనిచ్చి, కిలో తూచి, నీలం ట్రేలో పోసి ఒక్కొక్కటే లెక్కపెడతారు. కిలోకి ఎన్ని తూగితే అది కౌంట్. నూరు తూగితే 100 కౌంట్, ముప్ఫై తూగితే 30 కౌంట్. తక్కువ తూగితే రొయ్య పెద్దదని, రేటు ఎక్కువని లెక్క. పొట్టు మెత్తబడిన రొయ్యలు రెండు ఆ కిలోలో పడితే వాటిని తీసెయ్యమని రైతు, ఉండనివ్వమని ఏజెంటు. ఆరోజు ఆ రెండు రొయ్యల దగ్గరే పావుగంట గడిచింది. రేటు ఎక్కడో వాషింగ్టన్‌లో కూలిపోయింది. దాని గురించి వాదించడానికి గట్టు మీద ఎవడూ లేడు, అందుకని రెండు మెత్త రొయ్యల మీద పడ్డారు ఇద్దరూ.

అది అయ్యాక బావ టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చుని అడిగాడు. "ఈ కంపెనీలోళ్ళు అమెరికాలోనే ఓ ఫ్యాక్టరీ ఎట్టుకోవచ్చు కదా? అప్పుడు పన్నుండదు కదా?"

నేను నవ్వాను. సీ ఫుడ్ ఎగుమతి కంపెనీలో పదకొండేళ్ళు డాక్యుమెంట్లు చూసినవాణ్ణి కదా, ఆ మాత్రం పొగరు ఉంటుంది. "చెరువు ఇక్కడుంటే ఫ్యాక్టరీ అక్కడెట్టి ఏం చేస్తార్రా" అన్నాను. తీరా ఇంటికి వస్తుంటే నవ్వినందుకు నాకే సిగ్గేసింది. ఎందుకంటే సరిగ్గా ఈ ప్రశ్నే జపాన్ కార్ల కంపెనీలు కూడా వేసుకున్నాయి. 1981లో అమెరికా ఒత్తిడి చేసి జపాన్ కార్ల దిగుమతికి కళ్ళెం వేయించింది. మరుసటి ఏడాదే హోండా ఒహాయోలోని మేరీస్‌విల్‌లో కార్లు తయారు చెయ్యడం మొదలుపెట్టింది. గోడ కడితే గోడకి అవతలే కాపురం పెట్టారు. మా బావ చెప్పింది అదే. అది రొయ్యకి పనికొస్తుందా లేదా అన్నది వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కంపెనీలు విదేశాలకి ఎందుకు వెళ్తాయి అంటే బిజినెస్ పేజీల్లో ఒకటే మాట కనిపిస్తుంది: విస్తరణ. బాగా ఎదిగారు, ఇక్కడ పట్టక అక్కడికి వెళ్ళారు అన్నట్టు రాస్తారు. కుర్రాడు డిగ్రీ పాసై పై చదువులకి వెళ్ళినట్టు. నాకు అలా అనిపించదు. చూసినంతలో, చదివినంతలో, ఏ కంపెనీ అయినా గడప దాటేది ఇంట్లో ఏదో ఒకటి చాలకే. సరుకో, కొనేవాళ్ళో, మనుషులో చాలరు. ఒక్కోసారి చాలనిది ధైర్యం: ఉన్న ఒక్క చోటా మునిగితే ఎలా అన్న భయం. ఇంకో సంగతి కూడా ఉంది. తాను దాటినవాడికీ, సరుకు మాత్రం దాటించి తాను ఇంట్లో ఉన్నవాడికీ చేతిలో మిగిలేది ఒకటి కాదు. గోదావరి డెల్టాలో మనం నాలుగు వందల ఏళ్ళుగా ఈ రెండో రకం. నా గొడవంతా దాని గురించే.

నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళాలంటే మాధవాయపాలెం రేవులో పంటు ఎక్కుతాం. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళివారు అందరూ ఒకే పంటు మీద. వేరుశనక్కాయలు నమిలేలోపు అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. ఆ రేవు పేరు ఒకప్పుడు యూరప్ బట్టల కొట్లలో మోగిందని పంటు మీద నిలబడ్డవాళ్ళలో ఎంతమందికి తెలుసో! 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ కోఠీ ఉండేది. ఇక్కణ్ణించి వెళ్ళిన మెత్తటి నూలు గుడ్డని వాళ్ళు 'మడపొల్లం' అన్నారు. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ అలాంటి గుడ్డని 'మదపోలం' అనే పిలుస్తారు. ఊరి పేరు సముద్రం దాటి నిఘంటువుల్లోకి ఎక్కింది. అది నేసినవాళ్ళ పేరు ఒక్కటీ దాటలేదు.

పక్కనే పాలకొల్లులో డచ్చివాళ్ళు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మన తీరానికి రావడానికి కారణం చాలామంది అనుకునేది కాదు. మన గుడ్డ తీసుకెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్ముదామని మొదట రాలేదు వాళ్ళు. వాళ్ళకి కావలసింది లవంగాలు, జాజికాయ. అవి దొరికేది ఇప్పటి ఇండోనేషియాలోని మొలుక్కా, బాందా దీవుల్లో. ఆ దీవుల జనానికి హాలెండు సరుకుల మీద మోజు లేదు. వాళ్ళు అడిగింది కోరమండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు గుడ్డ. నేత, అద్దకం రెండూ బాగుండే గుడ్డ. డబ్బు పట్టుకుని దుకాణానికి వెళ్తే 'నీ డబ్బు నాకొద్దు, పక్కూరి సంత నుంచి ఫలానాది తెస్తే సరుకిస్తా' అన్నట్టు అయింది కంపెనీ పరిస్థితి. దాంతో పక్కూరి సంతలో కూడా కొట్టు పెట్టుకోవలసి వచ్చింది. హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి ఉద్యోగి 1612లో, కోరమండల్ తీరం మొలుక్కా దీవులకి ఎడమచెయ్యి లాంటిదని, అక్కణ్ణించి గుడ్డ రాకపోతే దీవుల్లో వ్యాపారం చచ్చినట్టేనని రాశాడు.

కంపెనీ పరాయి దేశం వెళ్ళడమంటే ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు. ఒక దేశంలో పుట్టి, రెండో దేశంలో సరుకు కోసం, మూడో దేశంలో కాపురం పెట్టారు. ఆశతో కాదనను, కానీ వాళ్ళని పాలకొల్లు దాకా నడిపించింది మాత్రం లోటు.

మరి మన నేతగాడి సంగతి? వాడికి బయానా ఇచ్చారు. ఆ బయానాతో నూలు కొన్నాడు, నేశాడు, కొలిచి ఇచ్చాడు, వంకలు పెట్టి కోసిన డబ్బు పోగా మిగిలింది తీసుకున్నాడు. తన గుడ్డకి బాందాలో ఎన్ని జాజికాయలు వస్తాయో వాడికి తెలిసే దారి లేదు. కంపెనీ గుమాస్తాకి పాలకొల్లు ధరా తెలుసు, బాందా ధరా తెలుసు, రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన రాసుకున్నాడు. నేను చూసిన ప్రతి ఎగుమతి కథలోనూ డబ్బు ఆ పుస్తకం ఉన్నవాడి దగ్గరే ఆగింది.

మనవాళ్ళు ఓడలెక్కలేదని అనడం లేదు. నరసాపురంలో ఆ రోజుల్లో టేకుతో ఓడలు కట్టేవారు, యూరప్ కంపెనీలు కూడా తమ ఓడల్ని ఇక్కడ బాగు చేయించుకునేవి. గోల్కొండ రాజ్యపు వర్తకులు బర్మాలోని పెగూకి, సుమత్రాలోని అచేకి సరుకు పంపారు. తర్వాత్తర్వాత కోరంగి నుంచి జనం రంగం వెళ్ళారు, అంటే రంగూన్. అక్కడ తెలుగువాణ్ణి 'కోరంగి' అనే పిలిచేవారు. ఈ తరంలో కోనసీమ ఆడవాళ్ళు కువైట్ వెళ్ళారు, ఇంకా వెళ్తున్నారు. మనుషులు దాటుతూనే ఉన్నారు. రెక్కలు దాటాయి, కొట్టు దాటలేదు.

ఇప్పుడు రొయ్య సంగతికి వద్దాం. మా బావ చెరువులో పెరిగేది వనామీ. అది మన రొయ్యే కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. 90ల్లో మనం పెంచిన టైగర్ రొయ్య తెల్లమచ్చ రోగంతో తుడిచిపెట్టుకుపోయింది. మా వీధిలో ఆ అప్పులు తీరడానికి పదేళ్ళు పట్టింది, తీరనివాళ్ళు ఊరొదిలేశారు. 2009లో వనామీకి అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి, హేచరీలకి చేరతాయి. అంటే అమెరికా తీరపు రొయ్యకి ఇక్కడ పురుడు పోసి, పెంచి, ఐసులో పెట్టి మళ్ళీ అమెరికాకే పంపుతున్నాం. మధ్యలో అది తినే మేత బస్తా మీద థాయ్‌లాండ్ కంపెనీ పేరు.

ఆ మేత కంపెనీల దగ్గర కాస్త ఆగాలి. సీపీ కంపెనీ 1921లో బ్యాంకాక్‌లో చైనా నుంచి వచ్చిన అన్నదమ్ములు పెట్టిన విత్తనాల కొట్టు. 1979లో చైనా తలుపులు తెరిచినప్పుడు షెంజెన్‌లో నమోదైన మొట్టమొదటి విదేశీ కంపెనీ అదే. మన ఆక్వా ఊళ్ళలో ఆ పేరు తెలియని పిల్లాడు లేడు. వాళ్ళు బ్యాంకాక్‌లో కూర్చుని ఓడలో మేత పంపొచ్చు కదా, ఇంత దూరం వచ్చి ఫ్యాక్టరీలు ఎందుకు?

గట్టు మీద ఒక్క రోజు కూర్చుంటే జవాబు దొరుకుతుంది. కిలో రొయ్య తయారవ్వాలంటే కిలోంపావు నుంచి కిలోన్నర మేత కావాలి. రైతు ఖర్చులో సగానికి పైగా మేతే. అంత బరువున్న సరుకుని సముద్రం దాటించడం కంటే సోయా చెక్క, చేపపొడి, తవుడు దొరికే చోటే తయారు చెయ్యడం చవక. అది చిన్న కారణం. పెద్ద కారణం ఏంటంటే మేత అమ్మేవాడు చెరువు దగ్గరికి రావాలి. చెక్ ట్రే ఎత్తి ఎంత మేత మిగిలిందో చూడాలి, పేగు ఖాళీగా ఉంటే ఏమైందో చెప్పాలి, పంట పోతే బాకీ మరుసటి పంటకి జరపాలి. అప్పు, ధైర్యం, మేత ఈ మూడూ ఒకే మోటారు సైకిల్ మీద రావాలి. ఓడ మీద మేత వస్తుంది గానీ మిగతా రెండూ రావు. నా దృష్టిలో ఎగుమతికీ, కంపెనీ తానే తరలిరావడానికీ ఉన్న తేడా ఆ మోటారు సైకిలే.

ఇంకో థాయ్ కంపెనీ ఉంది, థాయ్ యూనియన్. 1977లో ట్యూనా చేపల్ని డబ్బాల్లో పెట్టి అమ్మడంతో మొదలైంది. ముందు వేరేవాళ్ళ పేర్ల మీద డబ్బాలు చేసి ఇచ్చేది. తర్వాత ఆ పేర్లనే కొనడం మొదలుపెట్టింది. అమెరికాలో ఇంటింటికీ తెలిసిన 'చికెన్ ఆఫ్ ద సీ' బ్రాండులో 1997లో వాటా కొని, 2000 నాటికి మొత్తం తనదే చేసుకుంది. 2010లో యూరప్‌లో 'జాన్ వెస్ట్' లాంటి బ్రాండ్లున్న కంపెనీని 68 కోట్ల యూరోలకి కొంది. ఇటు వైపు చూస్తే, కొవ్వూరులో మేత ఫ్యాక్టరీ ఉన్న మన అవంతీ ఫీడ్స్‌లో వాటాదారు. అవంతీ రొయ్యలు ప్రాసెస్ చేసే కంపెనీలో కూడా దానికి వాటా ఉంది. ఒకసారి బొమ్మ గీసుకుని చూడండి: గోదావరి ఒడ్డున మేత, చెరువు నుంచి రొయ్య, అమెరికా కొట్లో డబ్బా. గొలుసుకి ఆ కొసా ఈ కొసా రెండూ వాళ్ళ చేతిలో తగులుతున్నాయి.

2012-13లో థాయ్‌లాండ్ రొయ్యల్ని పిల్లలుగా ఉండగానే చంపేసే ఈఎంఎస్ రోగం తినేసింది, అక్కడి దిగుబడి దాదాపు సగానికి పడిపోయింది. అమెరికాకి అప్పటిదాకా థాయ్ రొయ్యే పెద్ద దిక్కు. ఆ ఖాళీలోకి మనం దూరాం, ఇక్కడ మేడలు లేచింది ఆ రెండు మూడేళ్ళలోనే. అప్పుడు మా ఆఫీసులో లడ్డూలు పంచుకున్నాం కూడా. ఎవడి చెరువో పోతే లడ్డూలేంటి అని ఆరోజు ఎవరికీ తట్టలేదు. సరే, థాయ్ రైతు మునిగాడు, థాయ్ యూనియన్ మునగలేదు. ఒక కాలు ఇక్కడా, ఒక కాలు అమెరికా కొట్లోనూ పెట్టుకున్న కంపెనీకి రొయ్య ఎక్కడ పెరిగినా ఒకటే. వాళ్ళు మన దగ్గరికి రావడం వెనక ఆశ పాలు ఎంతో, ఒకే చెరువుని నమ్ముకోకూడదన్న భయం పాలు అంత కంటే ఎక్కువని నేను నమ్ముతాను.

మనం ఏం చేశాం? 2024-25లో మన దేశం 7.41 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్యలు ఎగుమతి చేస్తే, అందులో 3.12 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్ళాయి. చైనాకి 1.36 లక్షలు, యూరోపియన్ యూనియన్‌కి లక్ష టన్నుల లోపు. చెరువుకి ఒకటే తూము పెట్టుకుని, ఆ తూము తాళంచెవి పొరుగింటాయన దగ్గర పెట్టినట్టు. మన సరుకు మీద అమెరికా పన్ను 2025 ఏప్రిల్‌లో 10 శాతం, ఆగస్టు 7న 25, అదే నెల 27న 50 అయింది. దానికి తోడు మరీ చవగ్గా తెచ్చి పోస్తున్నారని వేసే పాత యాంటీ డంపింగ్ సుంకం ఉండనే ఉంది, అది 2005 నుంచి మోస్తున్న బరువు. అదే ఆగస్టులో మనతో పోటీపడే ఈక్వడార్‌కి 15 శాతమే. కొనేవాడు ఎటు తిరుగుతాడో చెప్పక్కర్లేదు.

మా మేనకోడలు డల్లాస్‌లో ఉంటుంది. ఆ గొడవ తర్వాత ఒకసారి వీడియో కాల్‌లో "కొట్టుకెళ్ళినప్పుడు రొయ్యల ప్యాకెట్టు ఒకటి చూపించమ్మా" అన్నాను. "ఏంటి మావయ్యా, రొయ్యలు నీకు చూపించాలా!" అని నవ్వింది కానీ ఫ్రీజర్ తలుపు తెరిచి చూపించింది. ముందు వైపు కొట్టు పేరు పెద్దక్షరాల్లో. గిన్నెలో నిమ్మచెక్కతో రొయ్యల బొమ్మ. పొట్టు తీసింది, నరం తీసింది, తోక ఉంచింది. వెనక్కి తిప్పమన్నాను. కావలసిన పదార్థాల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా'. అది భీమవరమో, నెల్లూరో, ఒడిశానో ఎవడికి తెలుసు! ధర చూసి రూపాయల్లోకి మార్చాను. తల, పొట్టు పోతే సగం బరువు తగ్గుతుందని, ఐసు, కరెంటు, ఓడ కిరాయి, పన్ను, కొట్టు అద్దె అన్నీ తీసేసి చూసినా, మా బావకి ముట్టినదానికీ దానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో ఎవరెవరు కూర్చున్నారో నాకు పేర్లతో సహా తెలుసు, పదకొండేళ్ళు వాళ్ళకే మెయిళ్ళు పెట్టాను. ఇంపోర్టర్, బ్రోకర్, డిస్ట్రిబ్యూటర్. అందరూ కొనేవాడి ఊళ్ళోనే ఉన్నవాళ్ళు.

మనవాళ్ళు అసలు దాటలేదంటే అబద్ధం. కొందరు ఎగుమతిదారులు అమెరికాలో సొంత కంపెనీలు పెట్టుకుని నేరుగా అమ్ముతున్నారు. నా ఫిర్యాదు అది చాలా ఆలస్యంగా, చాలా తక్కువమంది చేశారని.

ఇంట్లో చోటు చాలక వెళ్ళడమంటే సుజుకి గుర్తొస్తుంది. 1982లో మారుతితో చెయ్యి కలిపినప్పుడు దాని వాటా 26 శాతం. జపాన్‌లో టొయోటా, నిస్సాన్, హోండాల వెనక చిన్న కార్ల కంపెనీ. ఆ దేశంలో మొదటి స్థానం ఎప్పటికీ రాదని తెలిసిపోయింది, ఇంకెక్కడైనా మొదటివాడిగా ఉందామని వచ్చింది. ఇవాళ సుజుకి కార్లలో సగానికి పైగా ఇక్కడే తయారవుతాయి. మా బావమరిదికి వాళ్ళ ఊళ్ళో సంబంధం కుదరక అమలాపురం వైపు చూసినట్టే, పెద్ద తేడా లేదు.

నేల కోసం వెళ్ళేవాళ్ళ గురించి వాదించాల్సిందేమీ లేదు. చమురు ఎడిన్‌బరోకి నడిచి రాదు కాబట్టి అక్కడి కంపెనీ కెయిర్న్ ఎనర్జీ కోనసీమలో ఎస్.యానాం తీరానికి వచ్చి రవ్వ క్షేత్రంలో తవ్వింది. మనుషుల కోసం వెళ్ళేవాళ్ళు కూడా అంతే. మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో ఒక అమెరికా బ్యాంకు ఆఫీసులో పని చేస్తాడు, ఆ బ్యాంకుకి ఇక్కడ ఒక్క కస్టమర్ కూడా లేడు. నరసాపురం లేసు కథ కూడా ఒకరకంగా అదే. ఇళ్ళల్లో అరుగుల మీద కూర్చుని క్రోషా సూదితో ఆడవాళ్ళు అల్లిన లేసు విదేశాల్లో టేబుళ్ళ మీద పరిచారు, కూలి మాత్రం కండె లెక్కన ఇచ్చారు.

ఇక్కడిదాకా చదివి 'అయితే అందరూ దాటేస్తే సరిపోతుందా' అని అడిగేవాళ్ళుంటారు. సరిపోదు. డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలో బేటాఫార్మ్ అనే మందుల కంపెనీని 48 కోట్ల యూరోలకి కొంది. మన పేపర్లు పండగ చేసుకున్నాయి. తర్వాత అక్కడి ఇన్సూరెన్స్ సంస్థలు టెండర్లు పిలిచి ఎవడు తక్కువకిస్తే వాడి మందే అన్నాయి, ధరలు పడిపోయాయి, కొన్న విలువలో చాలా భాగం లెక్కల్లోంచి కొట్టేయవలసి వచ్చింది. జీఎంఆర్ 2010లో మాల్దీవుల్లో మాలే విమానాశ్రయం తీసుకుంటే, రెండేళ్ళకే అక్కడి ప్రభుత్వం పొమ్మంది. నష్టపరిహారం వచ్చింది, 2016లో. అటు నుంచి ఇటు వచ్చినవాళ్ళ పరిస్థితి కూడా ఇంతే. మన తీరంలో చమురు తవ్విన ఆ కెయిర్న్‌కే మన ప్రభుత్వం పాత తేదీలతో 10,247 కోట్ల పన్ను నోటీసు ఇచ్చింది. ఆ తగువు ది హేగ్ దాకా వెళ్ళి, 2021లో చట్టం మార్చాక గానీ తెమలలేదు. పరాయి ఊళ్ళో గట్టు తెగితే అడ్డుకట్ట వేయడానికి పక్క చెరువోళ్ళు పరిగెత్తుకు రారు.

నేను పని చేసిన కంపెనీ కూడా ఒకసారి దాటింది. పేరెందుకు లెండి. ఓనరుగారి అల్లుడు న్యూజెర్సీలో ఉన్నాడు. కారణం అదొక్కటే! 'మనబ్బాయి అక్కడే ఉన్నాడు కదా' అని రెండు గదుల ఆఫీసు తెరిచారు. గోడౌన్ లేదు, అమ్మేవాళ్ళు లేరు. రెండో కంటైనర్‌లోనే యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని పోర్టులో ఆపేశారు. ఆ మందు ఏ చెరువులో వేశారో కనుక్కోమని నన్ను పురమాయించారు. నలభై చెరువుల రొయ్య కలిసిపోయిన బ్లాకుల్లో ఏది ఏ రైతుదో చెప్పే కాగితం మా దగ్గర లేదు. అల్లుడుగారు ఫోన్ ఎత్తడం మానేశారు. రెండు చలికాలాలు గడిచాక బోర్డు దింపేశారు. నేను ఆ ఉద్యోగం మానడానికి అదీ ఒక కారణం.

ఆ అనుభవం తర్వాత కూడా నా మాట మార్చుకోలేదు, కాస్త సవరించుకున్నాను. మా ఓనరుగారు వెళ్ళింది లోటు తీర్చుకోవడానికి కాదు, సరదాకి. తన దగ్గర ఏం తక్కువో తెలిసి వెళ్ళినవాడు అది వెతుక్కుంటాడు. డచ్చివాడికి గుడ్డ కావాలని తెలుసు, సీపీకి గట్టు కావాలని తెలుసు, థాయ్ యూనియన్‌కి కొట్లో అర కావాలని తెలుసు. మా ఓనరుగారికి ఏం కావాలో అడిగితే 'ఇంటర్నేషనల్' అనేవారు.

ఇక బావ ప్రశ్న. వారం తర్వాత వాళ్ళింట్లో భోజనాల దగ్గర మళ్ళీ అందుకున్నాను. హోండా చేసిన పని రొయ్యకి కుదరదురా అన్నాను. కారు ఎక్కడ బిగిస్తే అక్కడిది అవుతుంది. రొయ్యకి అలా కుదరదు, పన్ను దాని పుట్టుక మీద పడుతుంది. అమెరికాలో ఫ్యాక్టరీ పెట్టి పిండి అద్ది వేయించినా, ముందు ఇక్కణ్ణించి వెళ్ళే పచ్చి రొయ్య మీద సుంకం కట్టాల్సిందే. తప్పించుకోవాలంటే చెరువునే ఈక్వడార్‌లో తవ్వాలి.

"తవ్వండి మరి" అన్నాడు వాడు, పులస లేదు గానీ ఉన్న చేప పులుసు వడ్డిస్తూ. "మా బ్రోకర్లు ఇక్కడ నాలుగెకరాలకే రెండు లక్షల లీజు అడుగుతున్నారు."

ఫ్యాక్టరీ కుదరకపోయినా అమెరికాలో పెట్టగలిగినవి వేరే ఉన్నాయి. ఒక గోడౌన్, నలుగురు అమ్మకం మనుషులు, మన పేరున్న ప్యాకెట్టు. అలాంటివే ఇంకో నాలుగు దేశాల్లో. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మన దేశపు ప్రాసెసింగ్ యూనిట్లు ఇంకో 102ని ఒప్పుకుంది, జులైలో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తలుపులు తీశారు గానీ లోపలికి వెళ్ళి కూర్చునేవాడు కావాలి. అది రైతు చెయ్యగలిగిన పని కాదు. ప్లాంట్లున్నవాళ్ళు చెయ్యాలి, లేదా నలుగురు చిన్నవాళ్ళు కలిసి చెయ్యాలి. డచ్చి గుమాస్తా రాసుకున్న ఆ లెక్కల పుస్తకం మన భాషలో రాసుకోవడం మొదలుపెడితే తప్ప, రేటు పడ్డప్పుడల్లా రెండు మెత్త రొయ్యల మీద కొట్టుకుంటూనే ఉంటాం. సబ్సిడీ అడిగే మీటింగుల్లో ఈ మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నాను. కరెంటు రేటు గురించీ మేత రేటు గురించీ మాట్లాడి భోజనాలకి లేచేస్తున్నారు.

నవంబరులో బావ రెండో చెరువు పట్టాడు. ఈసారి 60 కౌంట్ దాకా ఆగాడు. మందులు, మేత, నీళ్ళ లెక్కలన్నీ తారీఖుల వారీగా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు, నేను పోరగా పోరగా. పట్టుబడి అయ్యి, ట్రేలు లారీకి ఎక్కిస్తుంటే ఆ పుస్తకం పట్టుకుని ఏజెంటు దగ్గరికి వెళ్ళాడు.

"ఏవండీ, ఈ లోడు ఏ దేశం వెళ్తుందండీ?"

ఏజెంటు రసీదు రాస్తున్నవాడల్లా తలెత్తి చూశాడు. "ఆయ్, భీమవరం ప్లాంటుకండి" అన్నాడు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాకేం తెలుసండీ బాబూ, వాళ్ళనడగాలి" అని మళ్ళీ రసీదులోకి తల దించాడు. బావ పుస్తకంలో తారీఖు వేసి, పక్కన 'భీమవరం' అని రాసి, దాని పక్కన ఇంకో గడి గీసి ఖాళీగా వదిలేశాడు.